అమ్మతో పాత రామాయణం మళ్ళీ చూడాలంటే: క్యాసెట్ల సంగతి తర్వాత, ముందు టీవీని సరిచేయండి

మీరు అడిగింది ఇదీ. మీది చిత్తూరు, మిట్టూరు. అమ్మకి 68 ఏళ్ళు. మీకు ఏడేళ్ళప్పుడు ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ కూర్చుని చూసిన రామాయణం సీరియల్‌ని మొన్న కొత్త 55 అంగుళాల టీవీలో పెట్టారు. అమ్మ పావుగంట చూసి "ఇది అది కాదు" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మీకు కూడా సాగదీసినట్టు అనిపించింది. బీరువాలో అప్పటి వీసీఆర్ క్యాసెట్లు రెండు ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తే అసలుది దొరుకుతుందా, లేకపోతే ఇదంతా మళ్ళీ చూడడమే దండగా అని మీ ప్రశ్న.

దండగ కాదమ్మా. మీరు పెట్టింది ఆ సీరియలే. క్యాసెట్లో ఇంతకంటే మంచి బొమ్మ ఉండదు, తక్కువే ఉంటుంది. అమ్మకి అది వేరేగా కనబడడానికి సగం కారణం కొత్త టీవీ, సగం కారణం మీరు చూసిన తీరు. నేనైతే ముందు మూడు పనులు చేయమంటాను. బొమ్మను దాని అసలు కొలతకు తీసుకురండి. అప్పట్లో మీ ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీనా, కలర్ టీవీనా అని అమ్మని అడగండి. వారానికి ఒక్క భాగమే చూడండి, అది కూడా ఆదివారం పొద్దున. క్యాసెట్ల విషయం కింద చెప్తాను. అంతవరకూ వాటిని ఏ డెక్కులోనూ, అంటే క్యాసెట్ ఆడించే వీసీఆర్‌లోనూ, పెట్టవద్దు.

నేను తిరుపతిలో 1984 నుంచి టీవీలు బాగుచేస్తున్నాను. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో చిన్న అంగడి. మొదట బ్లాక్ అండ్ వైట్ సెట్లు, తర్వాత కలర్, తర్వాత వీసీఆర్‌లు. ఇప్పుడు పదిహేనేళ్ళుగా ఎక్కువ పని పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి మార్చడం. మీలాగా "ఇది అది కాదు అంటోంది మా అమ్మ" అని వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు బొమ్మ కొలత. అప్పటి టీవీ బొమ్మ వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. ఇప్పటి టీవీ వెడల్పు 16 పాళ్ళు, ఎత్తు 9. ఆ పాత బొమ్మని తెర నిండా లాగితే ప్రతి మనిషీ వెడల్పులో మూడోవంతు పెరిగిపోతాడు. సన్నగా, నిటారుగా ఉండాల్సిన రాముడు ఉబ్బినట్టు కనబడతాడు. అమ్మకి అందులో తప్పేమిటో చెప్పడం రాదు, కానీ ఏదో తేడా ఉందని మాత్రం కన్ను పట్టేస్తుంది. సీతమ్మ ముఖం ఆమెకు అంత గుర్తు.

దీన్ని కనిపెట్టడానికి సులువైన పద్ధతి ఒకటుంది. రథం వచ్చే ఘట్టంలో బొమ్మ ఆపి చక్రం చూడండి. చక్రం పక్కనుంచి గుండ్రంగా కనబడితే కొలత సరి. కోడిగుడ్డు పడుకోబెట్టినట్టు ఉంటే టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజ్ లేదా యాస్పెక్ట్ రేషియో అన్నచోటికి వెళ్ళి 4:3 పెట్టండి. కొన్ని టీవీల్లో ఒరిజినల్ అని ఉంటుంది. జూమ్ మాత్రం పెట్టవద్దు. జూమ్ పెడితే చక్రం గుండ్రంగానే ఉంటుంది కానీ పైనా కిందా కలిపి బొమ్మలో నాలుగోవంతు తెగిపోతుంది. కిరీటాల కొసలు పోతాయి, పాదాలకు మొక్కే ఘట్టంలో పాదాలే ఉండవు. ఇంకో సంగతి, ఎక్కించినవాళ్ళే పైనా కిందా కోసేసి తెర నిండుగా చేసి పెట్టిన వీడియోలు కూడా తిరుగుతుంటాయి. అలాంటిది దొరికితే మీ రిమోట్‌తో చేయగలిగింది ఏమీ లేదు, వేరేది వెతుక్కోవాలి. రెండు పక్కలా నల్లపట్టీలు వచ్చేదే మంచిది.

ఆ నల్లపట్టీలంటే మా దగ్గరికి వచ్చేవాళ్ళకు గిట్టదు. "ఇంత డబ్బు పోసి కొన్న తెర ఖాళీగా పెట్టల్లనా?" అంటారు. లెక్క చెప్తాను చూడండి. మీ 55 అంగుళాల టీవీ తెర వెడల్పు సుమారు 48 అంగుళాలు, ఎత్తు 27. 4:3లో బొమ్మ 36 అంగుళాల వెడల్పు వస్తుంది, రెండు పక్కలా ఆరేసి అంగుళాలు నల్లగా ఉంటుంది. అంటే మూలనుంచి మూలకు 45 అంగుళాల బొమ్మ. అమ్మ అప్పట్లో చూసింది 20 అంగుళాల సెట్ అనుకున్నా, దానికి రెట్టింపు కంటే పెద్దది. పోయిందేమీ లేదు.

కొలత అయ్యాక మిగతావి త్వరగా అయిపోతాయి. పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంటే తీసేసి సినిమా లేదా మూవీ పెట్టండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, లేకపోతే ప్రతి కిరీటం చుట్టూ తెల్లటి గీత గీసినట్టు ఉంటుంది. మోషన్ స్మూతింగ్ అని ఒకటుంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, దాన్ని పూర్తిగా ఆపేయండి. అది లేని కదలికల్ని మధ్యలో పుట్టించి కలుపుతుంది, మనుషులు జారుతున్నట్టు నడుస్తారు. అప్పటి దూరదర్శన్ బొమ్మలో కంటికి కనబడేవి 576 గీతలు, సెకనుకు 50 సార్లు, ఒకసారి సరి గీతలు ఒకసారి బేసి గీతలు. బాణం వేగంగా వెళ్ళేటప్పుడు అంచులు దువ్వెన పళ్ళలా చీలి కనబడితే అది ఆ సరి బేసి గీతల్ని సరిగ్గా కలపకుండా ఎక్కించిన వీడియో. మీ టీవీ తప్పు కాదు.

శబ్దం గురించి ఒక్కమాట. ఆ సీరియల్ ఒకే స్పీకర్ కోసం చేసింది. సరౌండ్ ఆపేయండి, మాటలు స్పష్టంగా వినబడే మోడ్ ఉంటే పెట్టండి. ఈ వయసులో చెవి ముందు మాటల్నే పోగొట్టుకుంటుంది, రవీంద్ర జైన్ సంగీతం మాత్రం వినబడుతూనే ఉంటుంది. అలాంటప్పుడు పెద్దవాళ్ళు "వినబడలేదు" అనరు, "బాగాలేదు" అంటారు. ఇంకొకటి, తెలుగు మాటలతో ఉన్నది దొరికినా మొదట హిందీదే పెట్టండి. అమ్మకి అర్థమైందా లేదా అన్నది వేరే సంగతి, ఆమె చెవిలో ఉన్న గొంతులు అరుణ్ గోవిల్‌వి, దీపికా చిఖలియావి, దారాసింగ్‌వి.

ఇక అసలు విషయం, రంగు.

మన దేశంలో కలర్ టీవీ 1982లో వచ్చింది, ఢిల్లీ ఏషియాడ్ ఏడాది. రామాయణం మొదలైంది 1987 జనవరి 25న. అప్పటికి ఐదేళ్ళయింది కదా, ఇళ్ళలో కలర్ టీవీలే ఉంటాయని ఇప్పటివాళ్ళు అనుకుంటారు. నేను మా అంగట్లో చూసినంతవరకూ బాగుకి వచ్చేవాటిలో బ్లాక్ అండ్ వైట్ సెట్లే ఎక్కువ. మద్రాసు నుంచి వచ్చిన డయనోరా, సాలిడేర్, హైదరాబాద్ నుంచి ఈసీ టీవీ. కొయ్య పెట్టె, ముందు పక్కకు జరిపే షటర్లు. కొందరు తెర ముందు నీలం రంగు ప్లాస్టిక్ అద్దం తగిలించుకునేవాళ్ళు. చేతికి పట్టుకుపోయే 14 అంగుళాల పోర్టబుల్ సెట్లు 12 వోల్టుల బ్యాటరీ మీద కూడా నడిచేవి. ఆదివారం కరెంటు పోతుందేమోనని శనివారం సాయంత్రమే బ్యాటరీ చార్జింగుకు ఇచ్చిపోయేవాళ్ళు.

కాబట్టి మీ అమ్మ మనసులో ఉన్న రామాయణంలో రంగులే లేకపోవచ్చు. మీరు ఇప్పుడు చూపించినదాంట్లో కాషాయం, పట్టు ఎరుపు, పచ్చటి పూలు, బంగారు కిరీటాలు. ఆమె చూసినదాంట్లో అవేవీ లేవు.

నాకు ఈ సంగతి తట్టింది చంద్రగిరిలో. 2020లో లాక్‌డౌన్ అయిపోయిన తర్వాత ఒక ఇంటికి టీవీ సరిచేయడానికి వెళ్ళాను. ఆ ఇంట్లో అవ్వకి ఎనభై దాటింది. మనవడు ఆమె కోసం ఫోన్ నుంచి టీవీకి కలిపి రామాయణం పెడితే ఆమె గోడవైపు తిరిగి పడుకుంటోంది. నేను కొలత సరిచేశాను, స్మూతింగ్ తీసేశాను. ఆమె చూసింది, మళ్ళీ తిరిగి పడుకుంది. అప్పుడు మనవడు "మా ఇంట్లో అప్పుడు ఈసీ టీవీ ఉండె, ఇప్పుడు కూడా అటక మీద ఉండాది" అన్నాడు. నేను రిమోట్ తీసుకుని కలర్ అన్న గీతని సున్నాకి తెచ్చాను. తెర తెలుపు నలుపు అయింది. పాత ట్యూబుల తెలుపు కొంచెం నీలంగా ఉండేది, అందుకని కలర్ టెంపరేచర్‌ని కూల్ వైపు జరిపాను. భరతుడు పాదుకలు అడిగే ఘట్టం నడుస్తోంది. అవ్వ లేచి కూర్చుంది. దిండు కింద వెతికి కళ్ళద్దాలు తీసి, చీర కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. "ఇప్పుడు వచ్చినాడు నాయనా" అంది. ఆ భాగం అయిపోయేదాకా మాట్లాడలేదు.

అందరికీ ఇది పని చేస్తుందని నేను అనను. కలర్ సెట్‌లోనే చూసినవాళ్ళకు సున్నా చేస్తే ఏదో పోయినట్టు ఉంటుంది. అందుకే అడగమన్నది. అమ్మకి గుర్తు లేకపోతే, "లంకలో మంట ఎలా ఉండేది?" అని అడగండి. ఎర్రగా అంటుందా, తెల్లగా అంటుందా చూడండి.

ఇప్పుడు సాగదీసినట్టు ఎందుకుందో చెప్తాను. మీకు అలా అనిపించడం తప్పేమీ కాదు. ఒక మాట అనగానే కెమెరా వరుసగా అందరి ముఖాల దగ్గరికీ వెళ్తుంది. దశరథుడి ముఖం, కౌసల్య ముఖం, సుమిత్ర ముఖం, మంత్రి ముఖం. పాట మొదలైతే పాట అయ్యేదాకా కథ నిలబడుతుంది. ఇప్పుడు ఒక్కరే సోఫాలో కూర్చుని చూస్తే అది ఖాళీ సమయమే. కానీ అప్పుడు ఆ ముఖాల మధ్య జరిగే పని వేరే ఉంది. మన దగ్గర ఆ గదిలో ఉన్నవాళ్ళలో హిందీ వచ్చింది ఎందరికి? ఎవరో ఒకరు చెప్పాలి. ఒక మాట తెర మీద వస్తుంది, దాన్ని హిందీ వచ్చినాయన తెలుగులో చెప్తాడు, వెనకాల కూర్చున్న ముసలావిడకు పక్కావిడ మళ్ళీ గట్టిగా చెప్తుంది. అంతసేపూ తెర మీద ముఖాలే నడుస్తుంటాయి. చెప్పడం అయ్యేసరికి తర్వాతి మాట వస్తుంది. చేతులు జోడించుకోవడానికి, కళ్ళు తుడుచుకోవడానికి కూడా అక్కడ చోటుంది. తీసినవాళ్ళు మన తెలుగువాళ్ళ కోసం అలా తీశారని చెప్పను. కానీ మన గదుల్లో అది అలాగే కుదిరింది.

మా అంగట్లో ఆదివారం పొద్దున బాగుకి వచ్చిన సెట్‌లలో మంచిదాన్ని వీధివైపు తిప్పి పెట్టేవాడిని. కొండ మీద దర్శనం చేసుకుని దిగి వచ్చిన యాత్రికులు నిలబడిపోయేవాళ్ళు. కొత్తగా గీయించుకున్న గుండ్ల మీద చందనం ఇంకా తడిగానే ఉండేది, చేతిలో లడ్డూ సంచి. ఒక వారం ఉత్తరాది నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, టీవీలో చౌపాయి మొదలవగానే తనూ అందుకుంది. తులసీదాసు పద్యాలు ఆవిడకు నోటికి వచ్చు. ఒక చరణం టీవీకంటే ముందే అనేసింది. చుట్టూ ఉన్న మావాళ్ళకు మాట అర్థం కాలేదు, అయినా టీవీని వదిలి ఆవిడనే చూశారు. నాకప్పుడు పాతికేళ్ళు లేవు. ఆ ఘట్టం ఏ భాగంలో ఉందో ఇప్పటికీ వెతికితే దొరుకుతుంది, ఆవిడ గొంతు దొరకదు.

మనవాళ్ళకు ఆ సీరియల్ పూర్తిగా పరాయిది కూడా కాదు. వాల్మీకి, తులసీదాసులతోపాటు కంబ రామాయణం, మన రంగనాథ రామాయణం కూడా ఆధారంగా తీసుకున్న గ్రంథాల్లో ఉన్నాయి. అమ్మకి ఈ సంగతి చెప్పి చూడండి.

వారానికి ఒకటే ఎందుకంటే, అది అలా చూడడానికే తీసింది. మొత్తం 78 భాగాలు. 1987 జనవరిలో మొదలై 1988 జూలై 31న అయిపోయింది. ఏడాదిన్నర. అంటే రాముడు అడవికి వెళ్ళాక మీ ఇంట్లో ఒక ఉగాది వచ్చింది, ఒక పంట చేతికొచ్చింది, ఎవరికో పెళ్ళయింది, అప్పటికీ రాముడు తిరిగి రాలేదు. ఆ ఎడబాటు నిజంగా నెలల తరబడి నడిచింది. దాన్ని మూడు రోజుల్లో చూసేస్తే వనవాసం వారాంతం సెలవులా అయిపోతుంది. మీకు సాగదీసినట్టు అనిపించిన రోజున మీరు వరుసగా ఎన్ని భాగాలు చూశారో రాయలేదు. రెండు దాటి ఉంటే కారణం అదే.

2020 మార్చి 28 నుంచి దూరదర్శన్ దాన్ని మళ్ళీ వేసింది, ఉదయం 9కి, రాత్రి 9కి. దేశమంతా ఎగబడి చూసింది. మరి రోజుకు రెండుసార్లు వేసినా అప్పుడెందుకు నచ్చింది అని మీరు అడగవచ్చు. ఆ రోజుల్లో ఇంట్లో అందరూ ఉన్నారు, ఎవరూ ఎక్కడికీ పోలేదు, ఫలానా టైముకు టీవీ ముందు కూర్చోవాలి, తప్పితే పోతుంది. ఆపి మళ్ళీ చూసే వీలు లేదు. ఆ తర్వాత మా అంగడికి వచ్చినవాళ్ళు చెప్పింది కూడా ఇదే, "సీరియల్ కంటే, పిల్లోళ్ళు పక్కన కూర్చున్నారన్నా" అని.

కాబట్టి ఆదివారం తొమ్మిదిన్నరకు పెట్టండి. అప్పటి సమయం అదే. ముందే టిఫిన్లు కానివ్వండి. పక్కింటివాళ్ళలో అమ్మ వయసువాళ్ళు ఎవరైనా ఉంటే పిలవండి. మొదట్లో వచ్చే పాటని, "గత భాగంలో" అని వచ్చేదాన్ని దాటేయవద్దు. అమ్మ మధ్యలో మాట్లాడితే ఆపవద్దు, బొమ్మనూ ఆపవద్దు. నడవనివ్వండి.

మీ గురించి కూడా ఒకటి చెప్పాలి. అప్పుడు మీకు ఏడేళ్ళు. మీరు చూసింది బాణాలు. ఒకదానికొకటి ఎదురొచ్చి మధ్యలో మెరుపులు పుట్టే బాణాలు. ఇప్పుడు 45 అంగుళాల బొమ్మలో అవి అతికించినట్టు కనబడతాయి, మనుషుల చుట్టూ నీలం అంచు కూడా తెలుస్తుంది. చిన్న ట్యూబులో ఆ అంచు కనబడేది కాదు. మీరు ఆ బాణాల కోసమే చూస్తే నిరాశ తప్పదు. అప్పుడు మీ అమ్మకి సుమారు ముప్పై ఏళ్ళు, ఇప్పుడు మీరు ఆ వయసు దాటిపోయారు. ఈసారి అయోధ్య కాండ చూడండి. కైకేయి వరాలు అడిగాక దశరథుడి దగ్గర కెమెరా ఎంతసేపు నిలబడుతుందో చూడండి. దశరథుడిగా వేసిన బాల్ ధురి, కౌసల్యగా వేసిన జయశ్రీ గడ్కర్ నిజజీవితంలోనూ భార్యాభర్తలు. కొడుకు వెళ్ళిపోయాక ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉన్న ఘట్టాలు నాకు పాతికేళ్ళప్పుడు ఒక్కటి కూడా గుర్తులేవు. మా అబ్బాయి ఉద్యోగానికి దూరం వెళ్ళిన ఏడాది చూస్తే అవే మిగిలాయి.

పిల్లలకు చూపించాలంటే 78 భాగాలూ కూర్చోబెట్టవద్దు. వాళ్ళకు మీ జ్ఞాపకం లేదు. జాంబవంతుడు హనుమంతుడికి ఆయన బలం గుర్తుచేసే ఘట్టం నుంచి లంకాదహనం దాకా చూపించండి. దారాసింగ్ ఏ తరం పిల్లలకైనా నచ్చుతాడు. తర్వాత వాళ్ళే అడిగితే మొదటినుంచి.

ఇక బీరువాలో క్యాసెట్లు.

బొమ్మ నాణ్యత కోసం వాటిని మార్పించనక్కరలేదు. వీహెచ్ఎస్ క్యాసెట్, అంటే ఇళ్ళలో వాడిన మామూలు వీసీఆర్ క్యాసెట్, ఆ ప్రసారంలోని వివరంలో సగం మాత్రమే పట్టుకుంటుంది. కానీ వాటిని పారేయవద్దు. నెట్‌లో దొరికేదాంట్లో సీరియల్ ఒక్కటే ఉంటుంది. మీ క్యాసెట్‌లో ఆ ఆదివారం ఉంటుంది. ముందూ వెనకా వచ్చిన ప్రకటనలు, గడియారం, మధ్యలో బొమ్మ పోతే పెట్టిన "అంతరాయానికి చింతిస్తున్నాము" అట్ట, ఎవరో రికార్డు నొక్కడం ఆలస్యమై పోయిన మొదటి అర నిమిషం. అవి ఇంకెక్కడా లేవు.

ముందు క్యాసెట్ మీదుండే చిన్న కిటికీ అద్దంలోంచి టేపు చుట్టను వెలుతురులో పెట్టి చూడండి. నల్లగా, నున్నగా మెరవాలి. దాని మీద తెల్లటి పొడిలాగా, సన్నటి దారాల్లాగా ఉంటే అది బూజు. మన దగ్గర బీరువాలో చీరల మధ్య ముప్పై ఏళ్ళు ఉన్న క్యాసెట్లలో అది మామూలే. బూజున్న క్యాసెట్ డెక్కులో పెడితే ఆ బూజు టేపును చదివే హెడ్‌కు అంటుకుంటుంది, టేపు తెగుతుంది, తర్వాత ఆ డెక్కులో పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ అంటుతుంది. 2009లో నా చేతులతోనే ఒకటి పోయింది. పలమనేరు నుంచి తెచ్చిన పెళ్ళి క్యాసెట్. తొందరలో చూసుకోకుండా పెట్టాను. టేపు హెడ్ డ్రమ్ముకు చుట్టుకుపోయింది. తలంబ్రాల భాగం నలిగిపోయింది, అది మళ్ళీ రాలేదు. ఆ కుటుంబానికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రోజునుంచి చూడకుండా ఏదీ పెట్టను.

శుభ్రం చేయాలంటే క్యాసెట్ వెనక ఐదు స్క్రూలు విప్పి, చుట్టల్ని బయటికి తీసి, పీచు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, టేపును దాని మధ్యగా చేత్తో తిప్పుతూ తుడవాలి. మూడు గంటల క్యాసెట్‌లో టేపు పొడవు 250 మీటర్లు దాటుతుంది. ఒక పూట పని. ఇంట్లో ప్రయత్నించవద్దు, ఈ పని తెలిసినవాళ్ళకు ఇవ్వండి. ఇచ్చేముందు వాళ్ళను ఒకటే అడగండి, "పెట్టేముందు తెరిచి చూస్తారా?" అని. కొత్త వీసీఆర్‌ల తయారీ ప్రపంచంలోనే 2016లో ఆగిపోయింది. ఉన్న డెక్కులు అరిగిపోతున్నాయి, కాబట్టి ఇంకో పదేళ్ళు ఆగుదామని అనుకోవద్దు.

క్యాసెట్ వీపు మీద ఎడమ మూలన చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరిచేసి ఉంటే దాని మీద మళ్ళీ రికార్డు చేయలేదని ఆశ పెట్టుకోవచ్చు. ఆ చోట సెల్లో టేపు అతికించి ఉంటే మాత్రం మీద రామాయణం అని రాసి ఉన్నా లోపల క్రికెట్ ఉండవచ్చు. మనసులో పెట్టుకోండి.

ఇంకొకటి వెతకమంటాను. ఆడియో క్యాసెట్లు. అప్పట్లో వీసీఆర్ లేనివాళ్ళు చాలామంది టేప్ రికార్డర్‌ని టీవీ స్పీకర్ ముందు పెట్టి రికార్డు చేసుకునేవాళ్ళు. పుత్తూరు నుంచి ఒక అక్కాతమ్ముళ్ళు వచ్చారు నా దగ్గరికి, మూడేళ్ళ కిందట. రెండు వీడియో క్యాసెట్లు, వాటితోపాటు ఒక ఆడియో క్యాసెట్. దాని మీద నీలం పెన్నుతో "రామా. సుందర." అని రాసి ఉంది. వాళ్ళ నాయన హిందీ పండిట్, పోయి పదకొండేళ్ళయింది. వీడియో క్యాసెట్లు రెండూ బూజు పట్టి అంటుకుపోయాయి. ఆ అమ్మాయి ఏడుపు ఆపుకుంటూ ఉంటే, ఊరికే ఉండలేక ఆడియో క్యాసెట్ పెట్టాను.

ముందు కరెంటు హమ్ము. తర్వాత కుక్కర్ ఈల. "ఆ తలుపు మూయండ్రా" అని ఎవరో. తర్వాత టీవీలో దారాసింగ్ గొంతు, దాని మీద ఇంకో గొంతు, నిదానంగా, బడిలో పాఠం చెప్పినట్టు: "అమ్మా, నేను రాముడి దూతను అంటా ఉండాడు. ఉంగరం చూపిస్తా ఉండాడు." ఒక పిల్ల "సీతమ్మ నమ్మిందా నాయనా?" అని అడిగింది. "ఇంకా లేదు, ఉండు." అంగట్లో నిలబడ్డ ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఆ పిల్ల తనే.

నేను ఆ భాగం తెచ్చి, శబ్దం తీసేసి, బొమ్మ మీద ఆ క్యాసెట్ శబ్దాన్ని పెట్టాను. పాత రికార్డర్ ఒకే వేగంతో తిరగదు, అందుకని ఐదారు నిమిషాలకోసారి గొంతు పెదవులకంటే వెనకబడుతుంది. ఆ చోటల్లా కోసి జరుపుకుంటూ వచ్చాను, రెండు రాత్రులు పట్టింది. దానికి డబ్బులు తీసుకోలేదు. వాళ్ళ అమ్మ ఇప్పుడు ఆ ఒక్క భాగమే చూస్తుందట, మిగతావి అడగదట.

మీ ఇంట్లో అటువంటిది ఉందో లేదో అమ్మకే తెలియాలి. పాటల క్యాసెట్ల మధ్య చూడండి, ట్రంకు పెట్టెలో చూడండి. మీద ఏం రాసి ఉన్నా నమ్మకుండా ఒకసారి వినండి.

అంతవరకూ ఆ రెండు వీడియో క్యాసెట్లనూ పుస్తకాల్లాగా నిలువుగా నిలబెట్టి ఉంచండి, స్పీకర్లకు, ఫ్రిజ్‌కు దూరంగా. అమ్మ అప్పట్లో చూసింది బ్లాక్ అండ్ వైట్ అయితే వచ్చే ఆదివారం కలర్ సున్నా చేసి ఒక్క భాగం పెట్టి చూడండి. అమ్మ ఏమందో ఇక్కడే కింద రాయండి. కిటికీ అద్దం కనబడేలా క్యాసెట్ ఫొటో తీసి పెడితే బూజు ఉందో లేదో చూసి చెప్తాను.